నేల తొక్కని బిడ్డ

గుంట తవ్వే కూలి ఆంటో గడ్డపార ఎత్తినవాడు ఎత్తినట్టే నిలబడిపోయాడు, అమ్ములు పోయి తుప్ప నడిమధ్యలో కాళ్లు బారజాపుకొని కూర్చుంది. పోయిన వారం మనం వాళ్లను అక్కడే వదిలేసి వచ్చాం. పాపం, వారమంతా ఆ మనిషి ఎండలోనే ఉండిపోయింది. త్వరగా పోదాం పదండి. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ల కోసం దారిలో రెండు ముక్కలు చెప్పుకుందాం.

మద్రాసు చివర ఉన్న ఆ యూనివర్సిటీలో అమ్ములు తోటపని మనిషి. వ్యాసర్పాడిలో చీకటితో లేచి, బస్సులు మారి వస్తుంది. అక్కడి తోట సంగతి మీకు తెలిసిందే. గేటు నుంచి లైబ్రరీ దాకా ఒకటే రకం పచ్చిక, దాని అంచున ఒకటే ఎత్తున కత్తిరించిన కంచె, బడిపిల్లల్లా వరస తప్పకుండా నిలబెట్టిన అశోక చెట్లు. దీపావళి దగ్గర పడితే గానీ గట్టి వాన మొహం చూడని నేల అది. అందాకా ట్యాంకరు నీళ్లు తాగి తాగి కూడా ఆ పచ్చిక జబ్బు మనిషిలాగా పాలిపోయే ఉంటుంది.

లైబ్రరీ వెనక, ప్రహరీ గోడవార మాత్రం నాలుగు నులకమంచాలు వేస్తే నిండిపోయేంత జాగా ఒకటుంది. దానికి చుక్క నీళ్లు పోసినవాళ్లు లేరు. అయినా నడివేసవిలో కూడా అది ఏదో ఒక మూల పూస్తూనే ఉంటుంది. కలివిపొద, తంగేడు, నల్లేరు, బుడ్డకాకర తీగ, ఇంకా పేరు తెలిసినవీ తెలియనివీ ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకొని బతుకుతున్నాయి. తోటపని ఆడవాళ్లు ఆ వైపు కొడవలి తీసుకుపోరు. పామున్నదని చెబుతారు. ఆ పామును పుట్టించింది అమ్ములు స్నేహితురాలు అంజలై నోరు. మేస్త్రీ భక్తవత్సలం ఆ మాట నమ్మి నాగులచవితికి గోడ మీదినుంచే ఒక పాల ప్యాకెట్టు లోపలికి విసిరేసి, దండం పెట్టి పోతుంటాడు. ప్యాకెట్టు చించి పోసే ధైర్యం కూడా లేదు ఆయనకు.

ఈ తుప్పను కన్నబిడ్డలాగా చూసుకుంటున్న మనిషి ఇంకొకరున్నారు. బోటనీ పాఠాలు చెప్పే నీహారిక. రాజంపేట పిల్ల. యూనివర్సిటీ నేలంతా దారాలు కట్టి, చదరాలు చేసి, ఏ చదరంలో ఎన్ని రకాల మొక్కలున్నాయో పిల్లలతో లెక్క తీయించింది. అంత పెద్ద పచ్చిక మైదానంలో దొరికిన రకాలన్నీ కలిపినా ఈ నాలుగు మంచాల జాగాలో ఉన్నవాటికి సరి తూగలేదు. దాంతో ఆమెకు ఒక నమ్మకం కుదిరింది. ఇది నగరం పుట్టకముందు ఇక్కడున్న మెట్ట అడవి, తప్పిపోయి మిగిలిన ముక్క అనుకుంది. మనిషి చెయ్యి పడని నేల గనకే ఇన్ని రకాలు బతికాయి అనుకుంది. తుప్ప కొట్టేసి పచ్చిక పరిచి, పట్టాలిచ్చే పండగకు ఫొటోలు దిగడానికి నీళ్ల ఫౌంటెన్ కడతామని పెద్దలంటే ఆ ఒక్క మాట పట్టుకొనే ఎదురు తిరిగింది. సరే, నిరూపించమన్నారు. నడుము లోతు గుంట తవ్వి, మట్టి పొరలు కదలకుండా ఉన్నాయని చూపిస్తే తుప్పను వదిలేస్తామన్నారు. ఆ గుంట చూడడానికి యూనివర్సిటీ కమిటీవాళ్లు ఈ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక వస్తారు.

అందుకే ఆంటో గడ్డపార తెచ్చాడు. అందుకే అమ్ములు అడ్డం కూర్చుంది.

భక్తవత్సలం మొదట అరవంలో మర్యాదగా లెమ్మన్నాడు. తర్వాత మర్యాద లేకుండా లెమ్మన్నాడు. అమ్ములు చెవిటిదానిలాగా మోకాళ్లు నిమురుకుంటూ కూర్చుంది. వచ్చే నెల నుంచి పనికి రావొద్దని బెదిరించాడు. పక్కనే ఉన్న అంజలై కూరాకులో పురుగును తీసిపారేసినట్టు ఆ మాటను తీసిపారేసి, మేస్త్రీ కాళ్ల వంక చూస్తూ, "అరవబాకండి సార్, పాము నిద్రలో ఉండాది. లేస్తే మీ గొంతే గుర్తుపడతాది," అంది. ఆయన ఒక్కంగలో సిమెంటు బాట ఎక్కాడు. ఆంటోకు నవ్వొచ్చింది గానీ మేస్త్రీ ముందు నవ్వలేక గడ్డపార దించి దాని మీదికి వంగి దగ్గాడు.

అప్పుడే నీహారిక వచ్చింది. తలస్నానం చేసిన జుట్టు ఆరనే లేదు. కమిటీకి చూపించాల్సిన కాగితాలు చంకలో ఉన్నాయి. అమ్ములును అక్కడ చూసి ముందు ఎండదెబ్బ అనుకొని పరుగెత్తింది. సంగతి తెలిశాక ఆమె మొహం చిన్నబోయింది. ఊరుగాని ఊరిలో ఆ పిల్లతో తెలుగులో మాట్లాడి, టిఫిన్ డబ్బాలో చింతచిగురు పప్పు పెట్టిచ్చిన మనిషి అమ్ములు. అలాంటి మనిషే అడ్డం కూర్చుంటే ఎవరికి చెప్పుకుంటుంది?

"దీన్ని నిలబెట్టాలనే గదా పెద్దమ్మా నేను ఇంతమందితో తగువు పెట్టుకునింది," అంది. "నువ్వే అడ్డం పడితే ఎట్లా?"

అమ్ములు ఆమె వంక చూడలేదు. మేస్త్రీ ఉన్నప్పుడు ఆమెను మేడం అంటుంది, ఎవరూ లేనప్పుడు అమ్మణ్ణీ అంటుంది. ఇప్పుడు మేస్త్రీ వింటుండగానే, "వాళ్లను కొంచేపు టీకి పంపించు అమ్మణ్ణీ," అంది.

ఆ పిలుపులోనే ఏదో ఉంది. నీహారిక వాళ్లను పంపించేసింది. అంజలై అడగకుండానే దూరంగా కొళాయి దగ్గరికి పోయి, కడిగిన బకెట్లనే మళ్లీ కడగడం మొదలుపెట్టింది. అమ్ములు అప్పుడప్పుడూ ఈ తుప్పలోకి ఎందుకు పోతుందో అంజలై ఏనాడూ అడగలేదు. పామును పుట్టించమంటే పుట్టించింది, అంతే. కొందరి స్నేహం అలా ఉంటుంది, గుమ్మం దాటి లోపలికి రాదు, గుమ్మం వదిలి పోదు.

నీహారిక మోకాళ్ల మీద కూర్చుంది. అమ్ములు తంగేటి కొమ్మను వేలితో పక్కకు జరిపి, దాని వెనకనున్న నేలను చూపించింది.

"ఈడ నా బిడ్డ ఉండాది," అంది.

లైబ్రరీ కట్టే రోజుల మాట అది. అప్పటికి ఇక్కడ ప్రహరీ గోడ లేదు, కూలివాళ్ల రేకుల షెడ్లుండేవి. అమ్ములు ఇటుకలు మోసేది. మొగుడు గోవిందస్వామి సెంట్రింగు పని చేసేవాడు. ఆ షెడ్డులోనే ఆడపిల్ల పుట్టింది. పేరింకా పెట్టలేదు. తిరుమల కొండకు తీసుకుపోయి పుట్టెంట్రుకలు తీయించి, అక్కడే పేరు పెట్టి పిలుద్దామని మొగుడూ పెళ్లాం ఒక రాత్రి గుసగుసగా మొక్కుకున్నారు. ఎవరికీ చెప్పలేదు, దిష్టి తగులుతుందని. బిడ్డ బోర్లాపడి, తల ఎత్తి, అందరినీ చూసి నవ్వే వయసుకు వచ్చింది. ఆ కార్తీకం వానల్లో జ్వరం తగిలింది. బస్సులు నిలిచిపోయాయి. ఆస్పత్రికి పోయే దారీ మునిగింది, కాటికి పోయే దారీ మునిగింది. గోవిందస్వామి షెడ్డు వెనక మెరక చూసి, తన చేత్తోనే తవ్వి, తన తలగుడ్డలోనే చుట్టి పడుకోబెట్టాడు. తెల్లారి అంబత్తూరులో పని చూసుకొస్తానని పోయాడు. ఆ పోవడం పోవడమే. బతికున్నాడో లేదో కూడా అమ్ములుకు ఎవరూ చెప్పలేదు. పెళ్లాం మొహం చూడలేకనే వెళ్లిపోయాడని కొందరన్నారు. అమ్ములుకు కూడా అప్పట్లో తన మొహం తాను చూసుకోబుద్ధి అయ్యేది కాదు.

నీహారిక ఆమె చెయ్యి పట్టుకుంది. అమ్ములు ఆ చేతిని నిమిరి, తిరిగి ఆ పిల్ల ఒళ్లోనే పెట్టింది. చెప్పాల్సింది ఇంకా ఉంది మరి.

సూళ్లూరుపేట వైపు అమ్ములువాళ్ల ఇళ్లలో ఒక ఆచారముంది. నడక రాకముందే పోయిన బిడ్డను నేల తొక్కని బిడ్డ అంటారు. ఆ బిడ్డ ఏ ఊరూ చూడలేదు, ఏ దారీ నడవలేదు. అందుకని తల్లి ఎక్కడికి పోయినా అక్కడి మన్ను పిడికెడు కొంగున ముడేసుకొచ్చి, బిడ్డ కాళ్ల పక్కన పోసి, "ఈడికి గూడా వచ్చినావమ్మా" అని చెప్పాలి. తల్లి బతికున్నంత కాలం బిడ్డ అలా ఊళ్లు తిరుగుతుంది. అమ్ములు తల్లి ఇద్దరు బిడ్డలను అలా తిప్పింది. అమ్ములు ఈ ఒక్కదాన్ని తిప్పింది. దీని కోసమే లైబ్రరీ పూర్తయ్యాక కూడా ఊరు వదలకుండా, తోటపనిలో చేరి, ఇక్కడే చీపురు పట్టుకొని ఉండిపోయింది.

నీహారిక కళ్లు మొక్క నుంచి మొక్కకు తిరుగుతున్నాయి. పంతులమ్మ గదా, దుఃఖంలో కూడా లెక్క ఆగదు.

"ఈ బాలబంది తీగ," అంది చివరికి. "సముద్రం ఇసకలో పాకే తీగ ఈడ ఎట్లుందా అని నేను ఎన్ని పుస్తకాలు తిరగేసినానో."

"మెరీనాకి పోయినాము. మా చెల్లెలి కూతురు సరణ్య అలలు చూడాలని ఏడిస్తే."

గుంటగలగర నెల్లూరు పొలం గట్టుది. అమ్ములు కోతకు పోయినప్పటిది. తంగేడు పెరంబూరులో రైలు పట్టాల పక్కది. గోడను పట్టుకొని ఎక్కిన ఆ తెల్లపూల తీగ వేళాంగణ్ణిది. పక్కింటి లూర్దుమేరి వాళ్లు బస్సు మాట్లాడుకొని పోతుంటే, దేవుడు ఎవరైతే ఏమి, బిడ్డ ఇంకో ఊరు చూస్తుందని అమ్ములు కూడా ఎక్కింది. సరణ్యను బడిలో వేసిన రోజున బడి వాకిట్లో మన్ను తెచ్చింది, తన బిడ్డకూ చదువుకునే ఈడు వచ్చి ఉంటుందని. ఆ మన్నులోనుంచి కుప్పింటాకు లేచింది. ఆ తర్వాత సరణ్య పెళ్లి పందిట్లో మన్ను. కంటి ఆపరేషనుకు పోయినప్పుడు ఆస్పత్రి మన్ను కూడా తెచ్చింది గానీ, దాన్ని పోస్తూ పోస్తూ చెయ్యి ఆగిపోయిందట. అప్పుడు చూపించాల్సిన చోటు ఇప్పుడు చూపించి ఏం లాభమని ఆ పూటంతా గోడకు ఆనుకొని ఏడ్చిందట.

"నాకు మొక్కలు తెలవ్వు అమ్మణ్ణీ," అంది అమ్ములు. "నేను మన్ను తెచ్చినా. దాంతో ఏమొచ్చిందో అది మొలిసింది. నువ్వు వచ్చి రకాలూ రకాలూ అంటా ఉంటే, ఓహో, నా బిడ్డ ఇన్ని ఊర్లు తిరిగిందా అనుకున్నా."

నీహారిక చంకలోని కాగితాలు కింద పెట్టింది. మనిషి చెయ్యి పడని నేల అని అందులో ప్రతి పుటలోనూ రాసి ఉంది. ఇప్పుడు తెలిసింది ఏమంటే ఇక్కడ ఉన్నదంతా మనిషి చెయ్యే. ఒక చెయ్యి, ఒక కొంగు ముడి. అడవి ఏనాడో పోయింది. ఆ పోయిన చోట ఒక తల్లి ఊరూరి మన్నూ తెచ్చి పోస్తే, కొడవలి పడలేదు గనక, మొలిచినవన్నీ మిగిలాయి.

"నాకు ముందే చెప్పుండచ్చు గదా పెద్దమ్మా."

"ఎట్ట చెప్పేది? మనిషి చెయ్యి పడలేదు గనకనే దీన్ని ఉంచాలని నువ్వు చెప్తా ఉంటివి. నేను నోరు తెరిస్తే నీ మాట పడిపోతాది, దీని మీద పచ్చిక పరుస్తారు. నోరు మూసుకుంటే ఇప్పుడు గడ్డపార పడతాది." అమ్ములు అప్పుడు ఆ పిల్ల కళ్లలోకి చూసింది. "నువ్వే చెప్పు, ఏ పక్కకి లేవమంటావు?"

నీహారిక మెల్లగా లేచింది. లేచాక గానీ తన కాళ్లకు బూట్లున్నాయని గుర్తు రాలేదు. ఇన్ని నెలలుగా ఆ బూట్లతోనే ఇక్కడ తొక్కింది, పిల్లల చేత తొక్కించింది. వంగి లేసులు విప్పింది. ఒక బూటు చేతిలో ఉండగానే ఇంకొకటి గుర్తుకొచ్చింది. దారాలు కట్టడానికి నేలలో మేకులు కొట్టించింది తనే.

"మేకులు దిగేసినాను గదా పెద్దమ్మా," అంది, చిన్నపిల్లలాగా.

"దిగేసినావు. నేను తీసి పక్కన పెట్టినాలే."

ఈ తుప్పలో కట్టిన దారం ఏ రోజుకారోజు మూరెడు జరిగిపోతుంటే, సరిగ్గా కట్టడం రాదని నీహారిక పిల్లలను ఎన్నిసార్లు తిట్టిందో. ఇప్పుడు ఏడుపూ నవ్వూ ఒక్కసారే తన్నుకొచ్చి, దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుంది. అమ్ములు కూడా మొదటిసారి కొంచెం నవ్వింది. "పావం ఆ పిల్లోళ్లు," అంది.

నవ్వు ఎంతసేపు నిలుస్తుంది. నీహారిక బిడ్డ సంగతి కమిటీకి చెబుతానంది. మనుషులే గదా, అర్థం చేసుకుంటారంది. అమ్ములు తల అడ్డంగా ఊపింది. అర్థం చేసుకుంటారు, పాపమంటారు, ఆ తర్వాత ఎముకలు తీసి శ్మశానంలో మర్యాదగా పెట్టించమని మేస్త్రీకి చెబుతారు. పెద్దవాళ్ల జాలి ఎక్కడ ఆగుతుందో ఆమె చాలాసార్లు చూసింది. బిడ్డ సంగతి చెప్పనని ఒట్టు వేయించుకుంది. అంటే మధ్యాహ్నం ఆ పిల్ల కమిటీ ముందు నిలబడి, గుంట తవ్వడం లేదు, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను, అయినా ఈ తుప్పను ఉంచండి అని అడుక్కోవాలి. ఎందుకు అని వాళ్లు అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు.

"గుంట తవ్వరు," అంది నీహారిక. "అది ఒక్కటే నా చేతిలో ఉండేది. ఆ తర్వాత ఏమైతాదో నాకు తెలీదు పెద్దమ్మా."

"ఈ పూటకు అది చాలు," అంది అమ్ములు. ఆ మాట అంటూనే కొంగుతో మొహం తుడుచుకొని, ఎవరితోనూ కాకుండా తనలో తాను చెప్పుకున్నట్టు ఇంకొంచెం చెప్పింది. "అన్ని తావులూ చూపించినా. కొండ ఒక్కటే చూపించలేదు. రైలెక్కితే గట్టిగా ఒక పూట దారి. పెట్టె దాకా పోతా, కాలు పైకి రాదు. జుట్టు తీయించేదానికి పోవాల్సిన కొండకి ఒట్టి కొంగు ఎత్తుకొని యాడ పోతాను?"

నీహారిక వట్టికాళ్లతో మేకులు ఏరడం మొదలుపెట్టింది. ఒక్కొక్కటే పెరికి, ఆ గుంతను వేలితో పూడ్చి, దారం చుట్టుకుంటూ గోడ వైపు పోయింది. చివరి మేకు కలివిపొద వెనక ఉంది. ముళ్లు తప్పించుకొని వంగినదల్లా అలాగే ఉండిపోయింది.

"పెద్దమ్మా, ఇది ఎప్పుడు పోసినావు?"

పొద వెనక నేల మీద దోసెడు మన్ను కుప్పగా ఉంది. మద్రాసు మన్ను బూడిదరంగు. ఇది కుంకుమలాగా ఎర్రగా ఉంది. కుప్ప మీద రూపాయి బిళ్లంత కాయ ఒకటి, చుట్టూ పలచటి రెక్కతో. నీహారిక దాన్ని తీసి అరచేతిలో పెట్టుకుంది. చిన్నప్పుడు అలాంటి కాయలతో ఆడుకున్న పిల్ల ఆమె, పుస్తకం చూడక్కర్లేదు.

"ఎర్రచందనం కాయ. మా కడప, తిరుపతి కొండల్లో తప్ప దానంతట అది యాడా మొలవదు. ఈ మన్ను ఆ కొండదే." ఆమె తల ఎత్తింది. "పోలేదంటివే?"

అమ్ములు లేవబోయింది. మోకాళ్లు పట్టేస్తే గోడ పట్టుకొని లేచింది. పోయినేడు ఆడి నెల, అంటే మన ఆషాఢం, తర్వాత ఆమె మన్ను తెచ్చిందే లేదు, ఊరు దాటితే గదా. పొద దగ్గరికి వచ్చి, ఆ కుప్పను చూసి, అది ఉన్న చోటును చూసింది. చాలాసేపు ఆ చోటునే చూసింది.

"నేను కాళ్ల పక్కనే పోస్తా, నడవాల్సిన కాళ్లు గదా అని," అంది. "ఇది తల పక్కన పోసినారు."

తల ఏ పక్కన ఉందో ఈ లోకంలో ఇద్దరికే తెలుసు. పడుకోబెట్టిన మనిషికి, పక్కన నిలబడి చూసిన మనిషికి. పుట్టెంట్రుకల మొక్కు సంగతి కూడా ఆ ఇద్దరికే తెలుసు.

దూరంగా టీ తాగి వస్తున్న మేస్త్రీ గొంతు వినిపించింది. అంజలై బకెట్ల చప్పుడు ఆగింది. అమ్ములు గోడ వదిలి, అరచేతిని ఆ ఎర్రమన్ను మీద పెట్టింది.

ఆడి నెల ఎండలో, ఎవరూ చుక్క నీళ్లు పోయని ఆ నేల మీద, ఆ మన్ను ఇంకా తడిగానే ఉంది.